ఆర్డర్ లేని నిషేధం: కేబుల్‌లో మాయమైన ఒక చానల్ కేసు

టీవీ చానళ్ల తరఫున కోర్టుల్లో, ట్రిబ్యునల్‌లో వాదించడం నా వృత్తి. ఈ కేసు గురించి రాయడానికి చానల్ యాజమాన్యం ఒప్పుకుంది. రాష్ట్రం, చానల్, సంవత్సరం, మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. చట్టం, మా ఆలోచన, మేం చేసిన తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. ఇలాంటి పరిస్థితి రేపు ఏ చానల్‌కైనా రావచ్చు. వచ్చిన రోజు మొదటి వారంలో ఏం చేస్తారన్న దాని మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

మన దేశంలో ప్రభుత్వం ఒక చానల్‌ని ఆపాలంటే చట్టంలో దారి ఉంది. 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నియంత్రణ చట్టంలో సెక్షన్ 20 ఆ అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. సెక్షన్ 19 జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, పోలీస్ కమిషనర్ వంటి అధీకృత అధికారులకు ఇచ్చింది. రెండు చోట్లా ఉత్తర్వు ఇచ్చే ఆపాలి. నోటిమాటతో ఆపే అధికారం ఎవరికీ లేదు.

ఉత్తర్వు ఉంటే దానితో తలపడొచ్చు. 2016లో పఠాన్‌కోట్ దాడి ప్రసారాల మీద ఎన్డీటీవీ ఇండియాను నవంబర్ 9న ఒక రోజు ఆపాలని కేంద్రం ఆదేశించింది. చానల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది, ఆ ఆదేశం అమలు కాకుండానే నిలిచిపోయింది. 2020 మార్చిలో ఢిల్లీ అల్లర్ల ప్రసారాలకు రెండు మలయాళ చానళ్లను 48 గంటలు ఆపమన్నారు, మర్నాటికల్లా ఎత్తేశారు. ఆ రెండింటిలో ఒకటైన మీడియా వన్‌కి 2022 జనవరిలో సెక్యూరిటీ క్లియరెన్స్ నిరాకరించి ప్రసారం ఆపినప్పుడు, కారణాలు సీల్డ్ కవర్‌లో పెట్టి కోర్టుకు ఇచ్చారు. సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న ఆ ఉత్తర్వును కొట్టేసింది. చానల్‌కి చూపించని కారణాలతో చానల్‌ని మూయడం న్యాయమైన పద్ధతి కాదంది. ఈ అన్నిటిలోనూ చేతికి ఒక కాగితం ఉంది. సంతకం ఉంది, తేదీ ఉంది.

మా కేసులో ఏ కాగితమూ లేదు.

ఏం జరిగింది

ఆ న్యూస్ చానల్ ఒక జిల్లాలో చెరువుల పూడికతీత పనుల మీద ఐదు భాగాల కథనం మొదలుపెట్టింది. పూడిక తీయని చెరువులకు బిల్లులు చెల్లించారన్నది విషయం. సోమ, మంగళ, బుధవారాల్లో మూడు భాగాలు వచ్చాయి. గురువారం తెల్లవారేసరికి రాష్ట్రంలో చాలా జిల్లాల్లో కేబుల్ మీద చానల్ లేదు. డీటీహెచ్‌లో వస్తోంది, మొబైల్ యాప్‌లో వస్తోంది. సెట్‌టాప్ బాక్స్‌లో ఆ నంబర్ కొడితే నల్లటి తెర, మధ్యలో "ఈ చానల్ ప్రస్తుతం అందుబాటులో లేదు" అన్న ఒక లైను.

ఎంఎస్‌వోలను, అంటే చానళ్ల సిగ్నల్ తీసుకుని ఊళ్లలోని కేబుల్ ఆపరేటర్లకు అందించే పెద్ద సంస్థలను అడిగితే టెక్నికల్ ప్రాబ్లమ్ అన్నారు. ఒకరికొకరు సంబంధం లేని నలుగురు ఎంఎస్‌వోలకు ఒకే రాత్రి, ఒకే చానల్‌కి మాత్రమే టెక్నికల్ ప్రాబ్లమ్ వచ్చిందన్నమాట.

శుక్రవారం నేను ఒక చిన్న పట్టణంలో కేబుల్ ఆపరేటర్‌ని కలిశాను. పదిహేనేళ్లుగా ఆ పనిలో ఉన్న మనిషి. షట్టర్ సగం దించి ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు: కరెంటు స్తంభం మొదట్లో చుట్టలుగా పడి ఉన్న నల్ల కేబులు, కోసిన చివర్లు ఇంకా తళతళలాడుతున్నాయి. పక్క వీధి ఆపరేటర్‌ది. ముందు రోజు ఉదయం చెప్పినట్టు చానల్ ఆపలేదని సాయంత్రానికల్లా స్తంభాల మీద నుంచి లాగేశారట. "మేడమ్, నా కేబుల్ మీ వార్తల మీద నడవట్లేదు. కరెంటు స్తంభాల మీద నడుస్తోంది" అన్నాడు. ఎవరు చెప్పారని అడిగితే తల అడ్డంగా ఊపాడు. అఫిడవిట్ ఇస్తావా అని అడగాల్సిన పని నాది, అడిగాను. ఇద్దరు ఆడపిల్లలున్నారన్నాడు. మళ్లీ అడగలేదు.

కేబుల్ వ్యాపారం గుట్టు ఆ ఒక్క మాటలో ఉంది. తీగలు వెళ్లేది విద్యుత్ సంస్థ స్తంభాల మీద, రోడ్డు దాటేది మున్సిపాలిటీ అనుమతితో. ఆ అనుమతుల్లో చాలావరకు ఏళ్ల తరబడి నోటిమాట మీదే సాగుతుంటాయి. ఆపడానికి సెక్షన్ 19 దాకా వెళ్లాల్సిన పనే ఉండదు. 2014 జూన్‌లో తెలంగాణలో రెండు తెలుగు న్యూస్ చానళ్లు కేబుల్‌లో ఆగిపోయినప్పుడు, పదేళ్లకు 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని చానళ్లు కనిపించకుండా పోయినప్పుడు కూడా జనం చూసింది ఇదే: తెర ఖాళీ, ఉత్తర్వు లేదు.

మా మొదటి తప్పు

సోమవారం హైకోర్టులో రిట్ వేశాం. వార్త మీద కోపంతో ప్రభుత్వం చానల్‌ని ఆపించింది, ఇది రాజ్యాంగం ఆర్టికల్ 19(1)(ఎ) కింద భావ ప్రకటన స్వేచ్ఛకు భంగం అన్నది మా పిటిషన్. ఆధారాలుగా మా దగ్గర ఉన్నవి రెండే: పేరు లేని ఒక వాయిస్ మెసేజ్, ఆ కోసిన కేబుల్ ఫోటో.

అప్పటి నా ఆలోచన దాచకుండా చెప్పాలి. నాకు తొందర ఎక్కువైంది. ప్రతి రోజూ చానల్‌కి యాడ్లు జారిపోతున్నాయి, న్యూస్‌రూమ్‌లో అందరికీ టెన్షన్. హైకోర్టు జోక్యం చేసుకుంటే ఆ భయానికే సగం సర్దుకుంటుందని అనుకున్నాను. తీరా ప్రభుత్వ ప్లీడర్ లేచి ఒకే వాక్యం చెప్పారు: ఈ చానల్ ప్రసారం ఆపమని ప్రభుత్వం గానీ, ఏ అధికారి గానీ ఎలాంటి ఉత్తర్వూ ఇవ్వలేదు, మౌఖికంగా కూడా ఇవ్వలేదు. ఇక రద్దు చేయడానికి ఉత్తర్వే లేదు. ఎంఎస్‌వోలు ప్రైవేటు సంస్థలు, వాళ్లతో ఉన్నది ఒప్పందం తగాదా, దానికి వేరే వేదిక ఉంది. ప్లీడర్ మాట నమోదు చేసి, మాకు ఆ వేదికకు వెళ్లే స్వేచ్ఛ ఇచ్చి కోర్టు రిట్‌ను ముగించింది.

ఆ సాయంత్రం చానల్ ఆఫీసులో ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు. వాళ్ల తప్పు లేదు.

లొంగి చూడటం

అదే వారం యాజమాన్యం నన్ను అడగకుండా ఇంకో దారి తొక్కింది. నాలుగో భాగం ఆపేసి, మధ్యవర్తి ద్వారా మాట్లాడింది. చానల్ వెనక్కి వస్తుందనుకున్నారు. రాలేదు. వారం తర్వాత వచ్చిన కబురు వేరే: రాత్రి చర్చా కార్యక్రమం చేసే యాంకర్‌ని మార్చాలి. అంటే అడిగింది ఇచ్చాక లెక్క తీరలేదు, కొత్త లెక్క మొదలైంది.

వాళ్లని నేను తప్పు పట్టను. రెండు వందల మందికి పైగా జీతాలు ఇవ్వాల్సిన సంస్థ అది. కానీ ఇలాంటి ప్రతి కేసులోనూ క్లయింటుకి ఇది ముందే చెప్పాలని అప్పుడు నిర్ణయించుకున్నాను. రాతలో లేని ఆంక్షకి హద్దు కూడా ఉండదు. సెక్షన్ 20 కింద ఉత్తర్వైతే ఏ కార్యక్రమం, ఎన్ని రోజులు, ఏ కారణం అని రాసి ఉంటుంది. నోటిమాటకి అవేవీ లేవు కాబట్టి, ఎక్కడిదాకా తగ్గితే సరిపోతుందో చెప్పేవాళ్లు ఉండరు.

యాంకర్ విషయం రాగానే ఎడిటర్ రాజీనామా లేఖ రాసి బల్ల మీద పెట్టారు. దాంతో యాజమాన్యం మళ్లీ నా దగ్గరికి వచ్చింది.

ఒక దిద్దుబాటు, దాని మీద వాదన

ఫైలు తిరగేస్తుంటే మా కథనంలోనే ఒక పొరపాటు బయటపడింది. రెండో భాగంలో ఒక చెరువు దృశ్యం చూపించి పక్క ఊరి చెరువు పేరు వేశారు. బిల్లుల కథనం నిజమే, ఆ దృశ్యం మాత్రం తప్పు. ఈ సమయంలో తప్పు ఒప్పుకుంటే అవతలి వాళ్లకు ఆయుధం ఇచ్చినట్టేనని యాజమాన్యం వాదించింది.

నా ఆలోచన వేరు. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నిబంధనల్లో రూల్ 6 ప్రోగ్రామ్ కోడ్. అందులో ఉద్దేశపూర్వకమైన అబద్ధాలు, సగం నిజాలు ప్రసారం చేయకూడదని ఉంది. మనం దిద్దుకోకుండా వదిలేస్తే రేపు అదే ప్రభుత్వానికి చట్టబద్ధమైన కారణం అవుతుంది. దిద్దుకుంటే "ఉద్దేశపూర్వకం" అన్న మాట నిలబడదు. దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: ఆ ఊరివాళ్లకు ఆ చెరువు ఏదో తెలుసు. వాళ్లు మనల్ని నమ్మకపోతే ఏ కోర్టు ఉత్తర్వూ ఆ నమ్మకాన్ని తిరిగి తెచ్చిపెట్టదు. రాత్రి 9 గంటల బులెటిన్‌లో, స్క్రోలింగ్‌లో కాకుండా యాంకర్ నోటితోనే, సవరణ చెప్పించాం. పూర్తి ఫుటేజీ కాపీలు భద్రం చేశాం. ప్రసారమైన కంటెంట్ రికార్డును 90 రోజులు ఉంచాలన్న నిబంధన ఎలాగూ ఉంది, కేసు తేలేదాకా చెరపొద్దని నేను లిఖితంగా చెప్పాను.

పని చేసిన దారి

రెండో దఫా కూర్చున్నప్పుడు ఒకే ప్రశ్న వేసుకున్నాను. ప్రభుత్వం ఆపించిందని రుజువు చేయకుండా చానల్‌ని వెనక్కి తేగలమా?

తేగలం. టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో తెచ్చిన ఇంటర్‌కనెక్షన్ నిబంధనల ప్రకారం, ఒక చానల్ సిగ్నల్ ఆపాలంటే ఎంఎస్‌వో కనీసం మూడు వారాల ముందు కారణం చెబుతూ రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఇక్కడ ఒక్క గంట నోటీసు కూడా లేదు. కారణం ఎవరి ఒత్తిడైనా, వాళ్ల బాధ్యత మాత్రం తప్పదు. బ్రాడ్‌కాస్టర్‌కీ ఎంఎస్‌వోకీ మధ్య తగాదా తేల్చేది టీడీశాట్ అనే ట్రిబ్యునల్. అక్కడ భావ ప్రకటన స్వేచ్ఛ గురించి ఒక్క పేరా కూడా పెట్టలేదు. జూనియర్లకు అది నచ్చలేదు. అసలు గాయం అదే కదా, దాన్నే వదిలేస్తామా అన్నారు. వదలట్లేదని చెప్పాను. అవసరమైన రోజుకి దాస్తున్నాం. ఉద్దేశం రుజువు చేయమని మనమే మన నెత్తిన పెట్టుకుంటే మొదటి రిట్‌లో పడినట్టే మళ్లీ పడతాం.

ఈసారి ఆధారాల మీద పన్నెండు రోజులు కూర్చున్నాం. ఆపరేటర్లను ఎవరినీ సాక్ష్యం అడగలేదు, వాళ్లను ముందుకి తోస్తే నష్టపోయేది వాళ్లే. బదులుగా మా స్ట్రింగర్లు (ఊళ్ల నుంచి వార్తలు పంపే స్థానిక విలేకరులు) తమ సొంత ఇళ్లలో వీడియో తీశారు. ఎడిటింగ్ లేకుండా ఒకే షాట్: ముందు ఆనాటి పేపర్ తేదీ, తర్వాత సెట్‌టాప్ బాక్స్ నంబర్, రిమోట్‌తో చానల్ నంబర్ నొక్కడం, ఖాళీ తెర, వెంటనే పక్క చానల్ మామూలుగా రావడం. పద్నాలుగు జిల్లాల నుంచి నలభైకి పైగా వచ్చాయి. ప్రతిదానికీ ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన సర్టిఫికెట్, తీసినవాళ్ల అఫిడవిట్. అదే సమయాలకు ఉపగ్రహానికి సిగ్నల్ సరిగానే వెళ్లిందని చూపించే టెలిపోర్ట్ లాగ్‌లు జత చేశాం. అదే నిమిషంలో డీటీహెచ్‌లో చానల్ వస్తున్న రికార్డింగులు కూడా.

అకౌంట్స్ విభాగంలో ఒకమ్మాయి వెతికి తెచ్చిన కాగితం వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది. చానల్ కనబడని ఆ నెలకే ఒక పెద్ద ఎంఎస్‌వో క్యారేజ్ ఫీజు (తన నెట్‌వర్క్‌లో చూపించినందుకు చానల్ కట్టే రుసుము) ఇన్‌వాయిస్ పంపింది. పూర్తి నెలకి. టెక్నికల్ ప్రాబ్లమ్ అన్న ఊసే లేదు.

ఇక మేం ఓడిన రిట్. ప్రభుత్వం ఏ ఉత్తర్వూ ఇవ్వలేదన్న ప్లీడర్ మాట హైకోర్టు ఉత్తర్వులో నమోదై ఉంది కదా. దాన్ని తీసుకెళ్లి టీడీశాట్ ముందు పెట్టాం. ఇప్పుడు ఎంఎస్‌వోలకు దారి మూసుకుపోయింది. "పైనుంచి చెప్పారు" అనలేరు, ఎవరూ చెప్పలేదని రాష్ట్రమే హైకోర్టులో చెప్పింది. టెక్నికల్ అంటే ఇన్‌వాయిస్ ఉంది, లాగ్‌లు ఉన్నాయి. ఆ వాక్యం విన్న రోజు ఓటమిగానే విన్నాను. ఫైల్లో మళ్లీ చదివినప్పుడు గానీ దాని విలువ తెలియలేదు. అప్పటి నుంచి ఓడిన ప్రతి ఉత్తర్వునూ వారం ఆగి మరోసారి చదవడం అలవాటు చేసుకున్నాను.

ట్రిబ్యునల్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది: వెంటనే పునరుద్ధరించాలి. ఇద్దరు పెద్ద ఎంఎస్‌వోలు రెండు రోజుల్లో ఇచ్చారు, మిగతావాళ్లు వారంలో. ఒక జిల్లాలో మాత్రం ఉత్తర్వు అమలు చేయమని మళ్లీ పిటిషన్ వేస్తే గానీ రాలేదు. తిరిగొచ్చిన చోట్ల కూడా కొందరు నంబర్ మార్చేశారు. వార్తా చానళ్ల వరుసలో ఉండాల్సిన చానల్ ఎక్కడో చివర, వేరే భాషల షాపింగ్ చానళ్ల మధ్య తేలింది. ఒకే తరహా చానళ్లను ఒకే చోట వరుసగా ఉంచాలని ఆ 2017 నిబంధనల్లోనే ఉంది. దాని మీద ఇంకో దరఖాస్తు, ఇంకో మూడు వారాలు. ప్రేక్షకుడి వేలికి అందని నంబర్‌లో పెట్టడం కూడా ఆపడం లాంటిదే.

చివరికి ఒక కాగితం వచ్చింది

నాలుగో భాగం ప్రోమో వేసిన మర్నాడు ఆ జిల్లా అధీకృత అధికారి సెక్షన్ 19 కింద ఉత్తర్వు ఇచ్చారు. కథనం ప్రజా ప్రశాంతతకు భంగం కలిగించే అవకాశం ఉంది కాబట్టి, మిగిలిన భాగాలను జిల్లాలో ఏ కేబుల్ ఆపరేటరూ ప్రసారం చేయకూడదని. పేజీన్నర, సంతకం, ముద్ర.

ఎడిటర్ కంగారుగా ఫోన్ చేశారు. నాకు మాత్రం ఊపిరి పీల్చుకున్నట్టయింది. ఇన్నాళ్లూ చీకట్లో ఉన్న చెయ్యి ఇప్పుడు వెలుగులోకి వచ్చి సంతకం పెట్టింది. దాచిపెట్టుకున్న 19(1)(ఎ) వాదన తీయాల్సిన రోజు ఇదే.

రెండో రిట్‌లో మూడు విషయాలు పట్టుకున్నాం. ఒకటి, నాలుగో భాగం ఇంకా ప్రసారం కాలేదు, ఆ అధికారికి ఎవరూ పంపలేదు. చూడని కార్యక్రమం ప్రశాంతతను భంగపరుస్తుందని ఎలా తేల్చారు? రెండు, 1989లో ఎస్. రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: భావ ప్రకటనను అణచాలంటే ప్రమాదం ఊహాజనితమైతే సరిపోదు, మందుగుండు పీపాలో పడ్డ నిప్పురవ్వలా మాటకీ ప్రమాదానికీ విడదీయలేని సంబంధం ఉండాలి. ఎవరో గొడవ చేస్తారన్న బెదిరింపుకి లొంగి మాటని ఆపడం చట్టబద్ధ పాలనను వదులుకోవడమే అవుతుందని కూడా అదే తీర్పు. పూడికతీత బిల్లుల లెక్క చూపిస్తే ఏ రెండు వర్గాల మధ్యా చిచ్చు రేగదు. ఇబ్బంది పడేది బిల్లు పాస్ చేసినవాళ్లే. మూడు, ఉత్తర్వుకి ముందు చానల్‌ని ఒక్క మాట అడగలేదు.

ప్రభుత్వం కౌంటర్‌లో, అంటే మా రిట్‌కి ఇచ్చిన జవాబు అఫిడవిట్‌లో కొత్త కారణాలు చేర్చింది. గ్రామాల్లో రెండు వర్గాల ఉద్రిక్తత, ఇంటెలిజెన్స్ సమాచారం అని. 1977 నాటి మొహిందర్ సింగ్ గిల్ కేసు సుప్రీంకోర్టు తీర్పు ఇక్కడ అక్కరకొచ్చింది: ఒక ఉత్తర్వు అందులో రాసిన కారణాల మీదే నిలబడాలి, తర్వాత అఫిడవిట్‌లో కారణాలు అతికించకూడదు. పేజీన్నర కాగితాన్ని చదివి వినిపించాను. ఉద్రిక్తత అన్న మాట అందులో ఎక్కడా లేదు. కోర్టు ఉత్తర్వు అమలును నిలిపివేసింది.

తుది విచారణకు ముందే అధికారి ఉత్తర్వును ఉపసంహరించుకున్నారు. నాకు తీర్పు కావాలి, తర్వాతి చానల్‌కి పనికొస్తుంది. క్లయింటుకి ప్రశాంతత కావాలి. గట్టిగానే వాదించుకున్నాం, చివరికి వాళ్ల మాటే నెగ్గింది. కేసు వాళ్లది, నాది కాదు. ఉపసంహరణను రికార్డు చేయమని, మళ్లీ ఇలాంటి ఉత్తర్వు వస్తే కోర్టుకు వచ్చే స్వేచ్ఛ ఇవ్వమని అడిగాం. కోర్టు ఇచ్చింది. వాదించిన ఆ మూడు విషయాల మీద తుది తీర్పు మాత్రం లేదు. దాని లోటు నాకు ఇప్పటికీ ఉంది.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

చానల్ కేబుల్‌లో ఆగిన మొదటి గంటలో ఇప్పుడు నా క్లయింట్లందరూ చేసే పని వీడియో తీయించడం. ప్రతి జిల్లాలో ఒక స్ట్రింగర్ ఇంట్లో కేబుల్, డీటీహెచ్ రెండు కనెక్షన్లూ ఉండేలా చూసుకున్నారు. రిట్ వేయాలని ఒత్తిడి వచ్చినా, సవాలు చేయడానికి కాగితం ఉందా అని ముందు అడుగుతాను. లేకపోతే టీడీశాట్ దారి. రాష్ట్రం వైఖరి కోర్టు రికార్డులోకి రావడమే లాభం అనుకుంటే రిట్ కూడా వేయొచ్చు. కానీ ఆ సంగతి క్లయింటుకి ముందే చెప్పి వేయాలి. నేను చెప్పలేదు.

ఆపరేటర్లను సాక్షులుగా లాగకపోవడం సరైన నిర్ణయమేనా అని ఒక యువ న్యాయవాది నన్ను అడిగింది. వాళ్ల మాట లేకపోవడం వల్ల ఆ రాత్రి ఫోన్ చేసిందెవరో రికార్డులోకి ఎప్పటికీ రాలేదు. ఆ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. షట్టర్ సగం దించుకుని నిలబడ్డ మనిషిని తలుచుకుంటే మాత్రం, ఇప్పుడైనా అదే చేస్తాననిపిస్తుంది.

నాలుగు, ఐదు భాగాలు ప్రసారమయ్యాయి. చానల్ కనబడని రోజులకు నష్టపరిహారం కోరుతూ ఎంఎస్‌వోల మీద వేసిన పిటిషన్ టీడీశాట్‌లో ఇంకా నడుస్తోంది. ఆ నెల క్యారేజ్ ఫీజు ఇన్‌వాయిస్‌ను చానల్ చెల్లించలేదు. దాని మీద ఎంఎస్‌వో వేసిన ఎదురు పిటిషన్ కూడా అక్కడే ఉంది, వచ్చే వాయిదాకి రెండూ కలిపి వినబోతున్నారు.